మాటలతో నడిచే జపాన్ ఫ్యామిలీ డ్రామాలు: ఏది ముందు చూడాలి, ఎవరితో చూడాలి

డెబ్బై ఏళ్ల నాన్నకు ఇంకో ఇల్లు ఉందని, అక్కడ ఒక చిన్న పిల్లాడు కూడా తిరుగుతున్నాడని మూడో కూతురు కనిపెట్టింది. ఆ సంగతి తేల్చుకోవడానికి నలుగురు అక్కచెల్లెళ్లూ ఒకచోట చేరారు. మాట్లాడుకుంటూనే వేయించిన మోచీ (బియ్యప్పిండి ముద్ద) ముక్కలు తింటున్నారు. ఉన్నట్టుండి పెద్దక్క కట్టుడు పన్ను ఊడిపోయింది. అంతే, మిగతా ముగ్గురూ పడీ పడీ నవ్వడం మొదలుపెట్టారు. అమ్మానాన్నల కాపురం ఏమవుతుందో తెలియని సమయంలో ఆ గదిలో నడుస్తున్నది పన్ను మీద వేళాకోళం.

ముకోదా కునికో రాసిన 'అషురా నో గోతోకు'లోది ఈ సీను. జపాన్ ఫ్యామిలీ డ్రామాల్లో మంచివి చాలావరకు ఇలాగే ఉంటాయి. కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. చూసేది మాటల కోసం. కొరియన్ సీరీస్‌లకు అలవాటు పడి వచ్చినవాళ్లు ట్విస్టు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి, మూడో ఎపిసోడ్‌కల్లా విసుగొచ్చి ఆపేస్తుంటారు. కథా సారాంశం చదివి వీటిని ఎంచుకుంటే జరిగేది అదే. నటీనటుల్ని బట్టి ఎంచుకున్నా పెద్ద తేడా ఉండదు. రాసినవాళ్లను బట్టి ఎంచుకోవాలి. జపాన్‌లో టీవీ రచయితలకు సినిమా దర్శకులతో సమానంగా పేరుంటుంది, ఫలానావారు రాశారంటే చాలు చూసేవాళ్లున్నారు. ఒక్కొక్కరి పాత్రలు ఒక్కో రకంగా పోట్లాడుకుంటాయి. ఏ రకం పోట్లాట మీకు నచ్చుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

టైమ్ విషయం కూడా ముందే చెప్పేస్తాను. అక్కడి ప్రైవేటు ఛానెళ్ల డ్రామా మామూలుగా మూడు నెలలు నడుస్తుంది. వారానికి ఒకటి చొప్పున పది పదకొండు ఎపిసోడ్లు, యాడ్స్ తీసేస్తే ఒక్కోటి ముప్పావుగంట. అంటే మొత్తం ఎనిమిది గంటలు, ఒక వీకెండ్ సరిపోతుంది. రెండో సీజన్ అరుదు, కథ అక్కడితో ముగుస్తుంది. కింద చెప్పబోయే వాటిలో ఈ లెక్కకు అందనివి మూడే, వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముకోదా కునికో: అసలు మాట ఎవరూ అనరు

1929లో పుట్టిన ముకోదా 1980లో నవోకి ప్రైజ్ అనే సాహిత్య బహుమతి అందుకుంది. మరుసటి ఏడాదే తైవాన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో చనిపోయింది. ఆమె పాత్రలు కూరల గురించి, పచ్చళ్ల గురించి, వాతావరణం గురించి మాట్లాడుతూనే ఉంటాయి. గుండెల్లో ఉన్నది మాత్రం నోటితో చెప్పవు. 'అషురా'లో తల్లి కూనిరాగం తీస్తూ భర్త ఓవర్‌కోటు సర్దుతుంటుంది. జేబులోంచి పిల్లలు ఆడుకునే బుల్లి కారు బయటపడుతుంది. ఆమె దాన్ని ఒక్క విసురుతో కాగితపు తలుపుకేసి కొడుతుంది. ఆ తర్వాత మళ్లీ మామూలు అమ్మే. కూతుళ్లు నాలుగు గంటలు చర్చించుకున్నా చెప్పలేని విషయం ఆ ఒక్క విసురులో ఉంటుంది.

ఇది రెండు రూపాల్లో ఉంది. మొదటిది జపాన్ పబ్లిక్ ఛానెల్ ఎన్‌హెచ్‌కేలో 1979లో మూడు, 1980లో నాలుగు, మొత్తం ఏడు ఎపిసోడ్లుగా వచ్చింది. రెండోది 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన 'అసుర'. 2018లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద అవార్డు పామ్ డోర్ గెలిచిన కొరేఎదా హిరొకాజు దీనికి దర్శకుడు. ఇది కూడా ఏడు ఎపిసోడ్లే, కాలం కూడా 1979నే. పెద్దక్కగా మియజావా రియే, రెండో అక్కగా ఒనో మచికో, మూడో ఆమెగా ఆవోయి యూ, చిన్నదిగా హిరోసే సుజు వేశారు. పేరు చూసి పురాణ కథ అనుకోకండి, కత్తులూ రాక్షసులూ ఏమీ ఉండవు.

మొదటిసారి చూసేవాళ్లు 2025దే చూడండి. సబ్‌టైటిల్స్‌తో సులువుగా దొరికేది అదే. నెట్‌ఫ్లిక్స్ సొంత సీరీస్ కాబట్టి ఉన్నట్టుండి మాయమవుతుందన్న భయం కూడా తక్కువ. నలుగురు అక్కచెల్లెళ్లు ఒకరి మాట మీద ఇంకొకరు మాట వేసుకుంటూ వంటింట్లో తిరిగే సీన్లు కొరేఎదా కంటే బాగా తీసేవాళ్లు తక్కువ. పాతదానికి ఉన్న బలం వేరు. టర్కీ సైనిక బ్యాండు సంగీతం మోగుతూ టైటిల్స్ మొదలవగానే యుద్ధం వస్తోందనిపిస్తుంది. తీరా చూస్తే తెర మీద మామూలు మధ్యతరగతి ఇల్లు. ఆ వెటకారం కొత్తదాంట్లో కాస్త తగ్గి, అందం కాస్త పెరిగిందని నా అభిప్రాయం. కొత్తది చూశాక ఇంకా కావాలనిపిస్తే పాతదాన్ని వెతకండి.

ఎవరితో చూడాలంటే, అక్కచెల్లెళ్లతో. ఊళ్లు వేరైనా ఒకే రాత్రి చూసి ఫోన్లో మాట్లాడుకోదగ్గ సీరీస్ ఇది. నాన్న పక్కన కూర్చుని చూసేది మాత్రం కాదు.

ముకోదాదే ఇంకో పాత డ్రామా 'తెరౌచి కంతారో ఇక్కా' (1974, టీబీఎస్ అనే ప్రైవేటు ఛానెల్, 39 ఎపిసోడ్లు). టోక్యోలోని యనాకాలో రాళ్లు చెక్కే పనివాడి కుటుంబం. ఇక్కడ మాటలు దాచుకోవడం లేదు, తండ్రీ కొడుకులు నిజంగానే కొట్టుకుంటారు, భోజనాల బల్ల ఎగిరిపోతుంది. తండ్రి వేషం వేసిన కొబయాషి అసేయ్ అసలు నటుడే కాదు, సంగీత దర్శకుడు. నానమ్మగా వేసిన కికి కిరిన్‌కు అప్పటికి 31 ఏళ్లు. చేతులు చూస్తే వయసు తెలిసిపోతుందని వేళ్ల చివర్లు లేని గ్లవ్స్ తొడుక్కుని నటించింది. సబ్‌టైటిల్స్‌తో దొరకడం కష్టం కాబట్టి దీన్ని మొదటి ఎంపికగా చెప్పలేను. దొరికితే వదలకండి.

హషిదా సుగాకో: ఉన్నదంతా చెప్పేస్తారు

ముకోదాకు సరిగ్గా ఎదురు దిక్కు హషిదా. 'ఒషిన్' డ్రామా రాసింది ఈమే. ఈమె రాసిన 'వతారు సెకెన్ వ ఒని బకారి' 1990లో టీబీఎస్‌లో మొదలైంది. పది సిరీస్‌లుగా 2011 దాకా నడిచి ఐదొందల ఎపిసోడ్లు దాటింది. ఆ తర్వాత కూడా స్పెషల్ ఎపిసోడ్లు వచ్చాయి. ఒకాకురా అనే పెద్దాయనకు ఐదుగురు కూతుళ్లు. రెండో కూతురు సత్సుకిని 'కోరకు' అనే చైనా భోజన హోటల్ నడిపే ఇంటికి ఇచ్చారు. అక్కడ అత్తగారు, ఆడపడుచులు, గల్లాపెట్టె, నూడుల్స్ గిన్నెలు. సత్సుకి గిన్నెలు కడుగుతూనే తన కష్టమంతా ఏకబిగిన చెప్తుంది. ఒక్కో డైలాగు పేజీల కొద్దీ ఉంటుంది, నటులు అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి.

ఆ నిడివికి కారణం ఉంది. ఇంట్లో పని చేసుకుంటూ, తెర వైపు చూడకుండా వినేవాళ్లకు కూడా కథ అర్థం కావాలని ఆమె అలా రాసేది. తెలుగు డైలీ సీరియల్ చూస్తూ కూర తరిగిన అలవాటున్న ఇళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ విలన్ ఉండదు, విషప్రయోగాలు ఉండవు. అత్తగారి వాదన విన్నప్పుడు అత్తగారిదే న్యాయం అనిపిస్తుంది, కోడలు నోరు విప్పగానే మళ్లీ ఇటు తిరుగుతాం. ఐదొందల ఎపిసోడ్లు నిలబడింది దాని మీదే.

అయినా దీన్ని ఎంచుకోమని చెప్పను. తెర చూడకుండా వినగలిగే డ్రామా అన్న సుఖం జపనీస్ వచ్చినవాళ్లకే. మనం సబ్‌టైటిల్స్ చదవాలి, పేజీల కొద్దీ చదవాలి. జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లయితే లెక్క వేరు. ఇంట్లో మాట్లాడే భాష చెవికి పట్టాలంటే ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఇంట్లోవాళ్లు కోపంలో కూడా ఎవరితో ఎంత మర్యాదగా మాట్లాడతారో ఇందులో తెలుస్తుంది.

పొడుగ్గా ఉండాలి, కానీ తేలిగ్గా ఉండాలి అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎన్‌హెచ్‌కే పొద్దున పూట వేసే పదిహేను నిమిషాల డ్రామాల్లో 2013 నాటి 'అమాచాన్' 156 ఎపిసోడ్లు. సముద్రంలో మునిగి సీ అర్చిన్‌లు ఏరే అమ్మమ్మ, ఊరు వదిలి పారిపోయి తిరిగొచ్చిన అమ్మ, టోక్యో నుంచి వచ్చి ఆ ఊరినే ప్రేమించే కూతురు. ముగ్గురూ మొండివాళ్లే. టిఫిన్ చేస్తూ రోజుకొకటి చూడొచ్చు. రాసింది కుదో కంకురో. ఆయన సంగతి కాసేపట్లో.

సకమొతో యూజీ: చిన్న విషయాన్ని పట్టుకుని వదలరు

ఇప్పటి రచయితల్లో మాటకారితనం అంటే ముందు సకమొతో పేరే చెప్తారు. 2023లో 'మాన్‌స్టర్' సినిమాకు కాన్స్‌లో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు అందుకున్నది ఈయనే. ఈయన డ్రామాల్లో మూడు పోల్చి చూడాలి.

'సైకో నో రికోన్' (2013, ఫుజీ టీవీ, 11 ఎపిసోడ్లు) రెండు జంటల కథ. 2011 భూకంపం వచ్చిన రాత్రి దగ్గరైన ఇద్దరు పెళ్లి చేసుకుంటారు, రెండేళ్లు తిరక్కుండానే ఒకరినొకరు భరించలేకపోతారు. భర్త మిత్సువోది ప్రతిదాన్నీ సాధించే రకం. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే పళ్ల డాక్టర్ దగ్గర కుర్చీలో కూర్చుని అతను భార్య మీద చెప్పే ఫిర్యాదులతో. పెళ్లయిన కొత్తలో ఉన్నవాళ్లు దీన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి. పదేళ్లు దాటినవాళ్లు మాత్రం నిర్భయంగా చూడొచ్చు, ఇద్దరూ చెరో పక్కా చేరి నవ్వుకుంటారు.

'క్వార్టెట్' (2017, టీబీఎస్, 10 ఎపిసోడ్లు) రక్తసంబంధం లేని కుటుంబం. ముప్పై దాటిన నలుగురు సంగీతకారులు కరుయిజావా అనే కొండ ఊళ్లో ఒక విల్లాలో కలిసి ఉంటారు. మొదటి ఎపిసోడ్‌లోనే భోజనాల బల్ల మీదికి చికెన్ కరాగే (వేయించిన చికెన్ ముక్కలు) వస్తుంది. ఇద్దరు మాటా పలుకూ లేకుండా దాని మీద నిమ్మకాయ పిండేస్తారు. వయోలా వాయించే ఇయెమోరికి ఒళ్లు మండుతుంది. అడగాలి కదా, ఒకసారి నిమ్మరసం పడ్డాక ఆ కరాగే మళ్లీ మునుపటిలా అవుతుందా అని నిలదీస్తాడు. చూసేవాళ్లకు ముందు నవ్వొస్తుంది. కాసేపయ్యాక ఇది నిమ్మకాయ గొడవ కాదని తెలుస్తుంది. పెళ్లిళ్లు ఎక్కడ చెడతాయో ఆ బల్ల దగ్గరే చెప్పేశాడు రచయిత. ఇందులో ఒక మిస్టరీ కూడా ఉంది, ఒకామె భర్త కనిపించకుండా పోయాడు. కాబట్టి కథ కూడా ఉండాల్సిందే అనేవాళ్లకు సకమొతో డ్రామాల్లో ఇదే సరైనది.

'ఒమామెదా తొవాకో తో సన్నిన్ నో మొతొఒత్తో' (2021, కాన్సాయ్ టీవీ, 10 ఎపిసోడ్లు) నెట్‌ఫ్లిక్స్‌లో 'మై డియర్ ఎక్సెస్' అనే పేరుతో ఉంటుంది. మూడుసార్లు పెళ్లయి మూడుసార్లూ విడిపోయిన తొవాకో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రెసిడెంటు. ఇంట్లో చదువుకుంటున్న కూతురు. తల్లి చనిపోతుంది, తల్లి కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. అది పెట్టింది తొవాకో ముగ్గురు మాజీ భర్తల్లో ఒకరు. ఇక ముగ్గురి గుమ్మాలూ తొక్కాల్సిందే. హోటల్ నడిపే హస్సాకు, ఒక ఫొటోగ్రాఫర్, లాయర్ షిన్‌షిన్. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు, అయినా ముగ్గురూ ఎప్పుడూ ఒక్కచోటే తేలతారు.

ఈ డ్రామాలో అన్నిటికంటే ముందు నచ్చేది వాయిస్ ఓవర్. ఈ వారం ఏం జరగబోతోందో ఎపిసోడ్ మొదట్లోనే గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. అన్నీ తెలిసిపోయాక ఇక చూడటానికి ఏముంది అనుకుంటే పొరపాటు, ఆ సంఘటనలు జరిగేటప్పుడు ఎవరు ఏం మాట్లాడారన్నదే డ్రామా. తొవాకో పడకగదిలో దోమతెర తలుపు మాటిమాటికీ ఊడిపోతుంటుంది. కంపెనీలు నడపగల మనిషి, ఆ తలుపు ఊడినప్పుడల్లా దాన్ని బిగించే మనిషి ఇంట్లో ఉంటే బాగుండు అనుకుంటుంది. ఒంటరితనం మీద ఒక్క డైలాగు కూడా అక్కర్లేదు.

ఆరో ఎపిసోడ్‌లో తొవాకో పుట్టినరోజున ఆమె ఇంట్లో ముగ్గురు మాజీ భర్తలు, వాళ్లతో వ్యవహారం చెడిన ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని గ్యోజాలు (మోమోల్లాంటివి) చుడతారు. చుడుతూ చుడుతూ ఆ ఆడవాళ్లు ఈ మగవాళ్లను కడిగిపారేస్తారు. ఇంటి మనిషి తొవాకో మాత్రం రాదు. ఎందుకు రాలేదో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. అక్కడి నుంచి డ్రామా రంగు మారుతుందని మాత్రం చెప్తాను.

మూడింట్లో నా ఓటు దీనికే. కాకపోతే ఇది ఒంటరిగా చూడాల్సినది. నలుగురి మధ్య కూర్చుంటే ఒకరు లేచి వెళ్తారు, ఇంకొకరు ఫోన్ చూస్తారు, రెండు డైలాగులు పోతే పదో నిమిషంలో వచ్చే జోకు పోతుంది.

కుదో కంకురో: నవ్విస్తూ నవ్విస్తూ తగలాల్సిన చోట తగిలిస్తాడు

ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోక, ఎవరు చూసుకోవాలన్న టెన్షన్ నడుస్తుంటే ఇంకేదీ వెతక్కండి, 'ఒరె నో ఇయె నో హనాషి' చూడండి. 2021 జనవరి నుంచి మార్చి దాకా టీబీఎస్‌లో పది ఎపిసోడ్లు వచ్చింది. తండ్రి జుసబురో 'నో' అనే పాతకాలపు జపాన్ నాటక సంప్రదాయానికి వంశపారంపర్య గురువు, ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గుర్తించిన కళాకారుడు. పెద్ద కొడుకు జుయిచి ఆ బరువు మోయలేక పదిహేడేళ్లకే ఇల్లు వదిలి రెజ్లర్ అయ్యాడు. తండ్రి మంచం పట్టాడని తెలిసి నలభై దాటాక తిరిగొస్తాడు. వచ్చేసరికి తండ్రి చక్రాల కుర్చీలో కూర్చుని, తనను చూసుకునే హెల్పర్ సకురాను పెళ్లి చేసుకుంటానని ప్రకటిస్తాడు. ఆస్తి అంతా ఆమెకేనట. తమ్ముడికి, చెల్లెలికి పిచ్చెక్కినంత పనవుతుంది.

మామూలుగా ఇలాంటి కథలో కన్నీళ్ల బకెట్లు తెస్తారు. కుదో ఆ పని చేయడు. జుయిచి తండ్రికి స్నానం చేయించే సీను చూడండి. జీవితంలో ఒక్కసారీ కొడుకును మెచ్చుకోని తండ్రి, బట్టల్లేకుండా కొడుకు చేతుల్లో ఉన్నాడు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియదు, కాబట్టి చెత్త మాటలు మాట్లాడుకుంటారు. తండ్రిగా నిషిదా తొషియుకి నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన 2024 అక్టోబరులో చనిపోయారు. కొడుకుగా వేసిన నగసె తొమొయ తన పాత ఏజెన్సీ నుంచి బయటికి వచ్చే ముందు చేసిన చివరి డ్రామా ఇది. జపాన్‌లో వృద్ధుల సంరక్షణకు 2000 నుంచి బీమా వ్యవస్థ ఉంది, ఇంటికి హెల్పర్లు వస్తారు. వ్యవస్థ ఉన్నా ఎవరు ఎత్తి కూర్చోబెట్టాలి, రాత్రి ఎవరు లేవాలి అన్న గొడవలు మన ఇళ్లలో ఉన్నట్టే ఉంటాయి. అన్నాచెల్లెళ్లు కలిసి చూస్తే మంచిది. తండ్రికి చూపించాలా వద్దా అన్నది ఆయన హాస్యప్రియత్వాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

కుదోదే ఇంకోటి, 2024లో వచ్చిన 'ఎక్స్‌ట్రీమ్లీ ఇనప్రాప్రియేట్!'. ఇది కూడా పది ఎపిసోడ్లే. 1986 నాటి నోటి దురుసు పీఈటీ మాస్టారు బస్సెక్కి, సిగరెట్ వెలిగించి, 2024లో దిగుతాడు. అప్పట్లో ఇంట్లో, బడిలో చెల్లిన మాటలు ఇప్పుడు ఎక్కడా చెల్లవు. టీనేజీ కూతురితో ఆయన వాదనలే దీనికి ప్రాణం. ఎపిసోడ్ మధ్యలో పాత్రలన్నీ పాట అందుకుంటాయి, మనకు అది వింతగా ఉండదు. దీని జపనీస్ పేరును కుదించిన 'ఫుతెహొదొ' ఆ ఏడాది అక్కడ మేటి కొత్త మాటగా ప్రైజ్ కూడా కొట్టింది. టీనేజీ పిల్లలున్న ఇంట్లో బాగా పని చేస్తుంది కానీ మొదటి ఎపిసోడ్లలో బూతు మాటలు గట్టిగానే ఉంటాయి, ముందు మీరు చూసి తర్వాత వాళ్లను పిలవండి.

ఇవేవీ కాదు, ఊరికే హాయిగా ఉండాలి అంటే 'ద ఫుల్‌టైమ్ వైఫ్ ఎస్కేపిస్ట్' (2016, టీబీఎస్, 11 ఎపిసోడ్లు). ఉద్యోగం దొరకని అమ్మాయి ఒక ఇంజనీరుకు నెలకు 1,94,000 యెన్‌ల జీతం మీద భార్యగా చేరుతుంది. ఇంటి పనికి విలువ ఎంత అన్న వాదన నవ్వుతూ నవ్వుతూనే చాలా దూరం పోతుంది. రాసింది నొగి అకికో.

చూసే పద్ధతి

ఇంగ్లిష్ డబ్బింగ్ ఉన్నా పెట్టకండి, జపనీస్ ఆడియోతో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు ఎవరి మాటకు అడ్డొచ్చారు అన్నది గొంతుల్లోనే తెలుస్తుంది. సకమొతో పాత్రలు గబగబా మాట్లాడతాయి, చదవడం అందకపోతే నెట్‌ఫ్లిక్స్‌లో స్పీడు 0.75కి తగ్గించుకోవచ్చు. ఇంట్లో ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లకు పక్కన కూర్చుని చెప్తూ చూపించాలంటే (నాన్న లేనప్పుడు) 'అసుర' ఒక్కటే కుదురుతుంది, అక్కచెల్లెళ్ల వంటింటి గోల తప్ప అందులో మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకునే ఖాళీ ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ జాబితా దేశానికో రకంగా ఉంటుంది. అమెరికాలో ఉన్న చెల్లెలికి కనిపించేది హైదరాబాద్‌లో మీకు కనిపించకపోవచ్చు. ఇంగ్లిష్ పేరుతో దొరక్కపోతే జపనీస్ పేరుతో, అదీ కాకపోతే నటుల పేర్లతో వెతకండి.

ఎంతవరకు చూసి వదిలేయవచ్చు? 'అసుర' అయితే ఒక్క ఎపిసోడ్ చాలు, ఆ బుల్లి కారు సీను మీకేమీ అనిపించకపోతే ముకోదా మీకు పడదు. తొవాకోకు రెండు ఎపిసోడ్లు ఇవ్వాలి, మొదటిదాంట్లో ముగ్గురు భర్తలూ ఒకేసారి వచ్చిపడి తికమకగా ఉంటుంది. జుయిచి ఇంటి కథలో రెజ్లింగ్ గోల చూసి ఆగిపోకండి, స్నానం సీను దాకా వెళ్లండి. 'క్వార్టెట్'కు అంత కూడా అక్కర్లేదు. నిమ్మకాయ గొడవ చూసి, ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని చిరాకేస్తే అక్కడే ఆపేయండి, మిగతా తొమ్మిది ఎపిసోడ్లూ అలాగే ఉంటాయి.